బంగారం రేటు రోజూ వేస్తారు, వజ్రం సంగతి ఎప్పుడు రాస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది బరంపురం, ఒడిశా గంజాం జిల్లా. 1936లో సరిహద్దు గీసినప్పుడు మా తాతగారి ఇల్లు ఇటువైపు పడింది, అప్పటినుంచీ మాకు బయట ఒడియా, ఇంట్లో తెలుగు. మీ పేపరు శ్రీకాకుళం దాటి, ఇచ్ఛాపురం దాటి మా వీధిలోకి వచ్చేసరికి ఒక్కోరోజు టిఫిన్ల వేళ కూడా అయిపోతుంది, అయినా నలభై ఏళ్లుగా మానలేదు. టీచరుగా రిటైరయ్యాక తీరిక దొరికింది కనక ఇప్పుడు అచ్చుతప్పులతో సహా చదువుతున్నాను.

నేను ముందు చూసేది మొదటి పేజీ కాదండీ. లోపల ఓ మూల వేసే బంగారం, వెండి ధరలు. కొనేది ఉన్నా లేకపోయినా చూస్తాను, అదో అలవాటు. ఆ నాలుగు అంకెల వల్లే మా పెద్ద బజారులో ఏ కొట్టుకి వెళ్లినా ధైర్యంగా కూర్చోగలుగుతున్నాం, గ్రాముకి పది రూపాయలు ఎక్కువ చెప్తే అక్కడికక్కడే పట్టుకుంటాం. మరి వజ్రం రేటు ఎందుకు వెయ్యరు అని నాకు మొన్నటిదాకా అనుమానం కూడా రాలేదు, ఎందుకంటే మా ఇంట్లో వజ్రం కొని యాభై ఏళ్లయింది.

మా అబ్బాయికి సంబంధం కుదిరింది. అమ్మాయిది ఇచ్ఛాపురం, అంటే బస్సెక్కి కునుకు తీసేలోపు వచ్చేసే ఊరు. మా కాలంలో తాంబూలాలు మార్చుకొని పంతులుగారు లగ్నపత్రిక చదివితే నిశ్చితార్థం అయిపోయినట్టే. ఇక్కడి ఒడియా వాళ్ల నిర్బంధలో (నిశ్చితార్థానికి వాళ్ల పేరు అది) అయితే పూర్వం మాటిచ్చుకునేది తండ్రులే, పిల్లలు అక్కడ ఉండాల్సిన పని కూడా లేదు. ఇప్పుడు ఉంగరాలు మార్చుకోవాలి, ఫొటోలో ఆ ఉంగరం కనపడాలి. మావాడు బెంగళూరు నుంచి ఫోన్ చేసి "అమ్మా, ఒంటిరాయి ఉంగరం తీసుకో, సాలిటైర్ అంటారు, బడ్జెట్ అరవై వేలు" అన్నాడు. ఈ నిశ్చితార్థం వజ్రపుటుంగరం మన ఆచారం ఎప్పుడైందో అనుకుంటూ వెతికితే తేలింది, వజ్రం శాశ్వతం అనే మాటని 1947లో డి బీర్స్ కంపెనీ కోసం ఒక అమెరికా యాడ్ ఏజెన్సీలో కూర్చొని రాశారట. సరే, వాళ్లు రాశారు, మనం కొంటున్నాం, పిల్లల ముచ్చట, కాదనడానికి నేనెవర్ని.

కొట్టుకి వెళ్లాం. పేరు చెప్పను, చెప్పినా లాభం లేదు, ఎందుకో మీకే తెలుస్తుంది. పైనుంచి తెల్లటి లైట్లు, ఆ వెలుగులో గాజుపెంకు పెట్టినా మెరుస్తుంది. కుర్రాడు సగం తెలుగు సగం ఒడియాలో "మేడమ్, ముప్పై అయిదు సెంట్లు, ఎస్ఐ జీహెచ్, సాలిటైర్ లుక్, మీకు ఒక క్యారెట్ లాగే కనిపిస్తుంది" అన్నాడు (ఎస్ఐ అంటే లోపలి మచ్చల గ్రేడు, జీహెచ్ అంటే రంగు గ్రేడు అని తర్వాత తెలిసింది). నిజంగానే కనిపించింది. వీడియో కాల్లో మావాడికి చూపిస్తే వాడూ ఊఁ అన్నాడు. యాభై ఎనిమిది వేల చిల్లర కట్టి, పసుపు కుంకుమ పెట్టించుకొని ఇంటికొచ్చాం.

వారం తర్వాత వియ్యపురాలు "వదినగారూ, అమ్మాయి వేలికి కొలత తప్పు చెప్పానండీ" అని కొత్తగా దారం చుట్టి పంపారు. ఉంగరం కొంచెం పెద్దది చెయ్యాలి. ఇంత పనికి మళ్లీ కొట్టుదాకా ఎందుకని మా సందు చివర ఆచారిగారి దగ్గరికి తీసుకెళ్లాను. డెబ్బై ఏళ్ల మనిషి, చూపు తగ్గింది కానీ కంటికి భూతద్దం బిగిస్తే ఇప్పటికీ ఆయనకి తెలియనిది ఉండదు. ఉంగరం పైనుంచి చూసి ఏం మాట్లాడలేదు. తిరగేశారు. వెనకవైపు నన్ను కూడా చూడమన్నారు. తేనెపట్టు గదుల్లా చిన్న చిన్న కన్నాలు, నడుమ ఒకటి, చుట్టూ ఆరు. సూది మొనతో ఒక్కొక్కటే తాకుతూ లెక్కపెట్టి, "అమ్మా, ఒంటిరాయి అని ఎవరు చెప్పారు మీకు? ఏడున్నాయి" అన్నారు. అంతేకాదు, ఈ రకం బిగింపులో రాళ్లు ఒకదాన్నొకటి ఆనుకొని ఉంటాయి, ఉంగరం సాగదీసినా మంట తగిలినా పట్టు వదులుతుంది, నేను ముట్టుకోను, అమ్మినవాళ్లకే ఇవ్వండి అన్నారు.

ఇంటికొచ్చి బిల్లు తీశాను. అంతా ఇంగ్లీషు, అందులో సగం పొడి అక్షరాలు. అద్దాలు పెట్టుకొని చూస్తే అక్కడే ఉంది: పీసెస్ 7, బరువు 0.35. పైన పేరు దగ్గర సాలిటైర్ లుక్. కొట్టువాడు అబద్ధం చెప్పలేదండీ! లుక్ అన్నాడు, నేను వినలేదు. ఒకటని నేను అనుకున్నాను, ఏడని వాడు రాశాడు. ఇంకెవరి మీద కేసు పెట్టను? మావారు మాత్రం "పోనీలే, మెరుస్తోంది కదా" అని పేపర్ మడిచి పడుకున్నారు.

ఇక్కడినుంచి అసలు విషయం. నాకు ఎవరైనా ముందే తెలుగులో చెప్పి ఉంటే బాగుండేది అనుకున్నవే రాస్తున్నాను.

క్యారెట్ అంటే బరువు, రెండువందల మిల్లీగ్రాములు. అందులో నూరో వంతు సెంటు. మా ఏడు రాళ్లు తలా అయిదు సెంట్లు, మొత్తం ముప్పై అయిదు. కానీ ముప్పై అయిదు సెంట్ల ఒక రాయి ధర, అయిదేసి సెంట్ల ఏడు రాళ్ల ధర ఒకటి కాదు, దగ్గర్లో కూడా ఉండదు, ఎందుకంటే పెద్దరాయి దొరకడం కష్టం, రాయి పెరిగేకొద్దీ క్యారెట్ లెక్కన రేటే పెరుగుతుంది. బంగారంలో ఇది లేదు కదా, పది గ్రాముల కడ్డీ అయినా పది ఒక గ్రాము బిళ్లలైనా బంగారం ధర బంగారందే. మన బుర్ర బంగారానికి అలవాటుపడింది, అందుకే వజ్రం దగ్గర దొరికిపోతాం. నేను పేపర్ మీద గీసి చూశాను: అయిదు సెంట్ల గుండ్రటి రాయి వెడల్పు దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు, ఒకటి మధ్యలో పెట్టి ఆరు చుట్టూ పెడితే ఏడు మిల్లీమీటర్లు దాటుతుంది. ఒక క్యారెట్ ఒంటిరాయి ఆరున్నర. కుర్రాడు క్యారెట్ లాగా కనిపిస్తుందన్నది అక్షరాలా నిజం, ఇంకా పెద్దగానే కనిపిస్తుంది.

ఏడు రాళ్లు తప్పని నేననడం లేదు. మా అమ్మకి ఏడురాళ్ల రవ్వల దుద్దులు ఉండేవి, ఆవిడ పెట్టెలో అంతకంటే విలువైనది లేదు. కానీ ఆ రవ్వలు కొన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. షావుకారు మడత కాగితం పొట్లం విప్పి, విడి రాళ్లు తెల్లగుడ్డ మీద పోసి, ఇవి పద్నాలుగమ్మా, లెక్కపెట్టుకోండి అన్నాడు. మా అమ్మమ్మ ఆ పొట్లం పట్టుకొని పెరట్లోకి వెళ్లి, ఎండలో కాకుండా నీడ వెలుగులో ఒక్కొక్కటే చూసి, ఒకదాంట్లో కాకిపాదం ఉందని వెనక్కి ఇచ్చేసింది. కాకిపాదం అంటే రాయిలోపల కాకి అడుగులా కనిపించే గీత, అది ఇంటికి అచ్చిరాదని ఆవిడ నమ్మకం. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, ఆవిడ చేసింది ఈనాడు క్లారిటీ చూడటం అంటారే, అదే. మిగతావి "బ్లూ జాగర్" అని షావుకారు గొప్పగా చెప్పాడు. ఆ జాగర్ అనేది దక్షిణాఫ్రికాలో జాగర్స్‌ఫాంటీన్ అనే గని పేరు అని నాకు ఈ ఉంగరం పుణ్యమా అని ఈ మధ్యే తెలిసింది. దుద్దులకి ఏడు అని చెప్పి అమ్మారు, ఉంగరానికి చెప్పకుండా అమ్మారు. నా గోల అంతా ఆ తేడా గురించే.

నెల తిరక్కుండా మా చెల్లెలి కూతురికి కూడా ఉంగరం కొనాల్సి వచ్చింది, దెబ్బతిన్నదాన్ని కాబట్టి నన్నే పిలిచారు. ఈసారి వేరే కొట్టు, ఈసారి నేను కూర్చోగానే "ఉంగరం కాదు బాబూ, ముందు విడి రాయి చూపించు, బిగించేది తర్వాత" అన్నాను. ఆ ఒక్క మాటకే సీనియర్ ఆయన లేచొచ్చారు. మూడు పొట్లాలు విప్పారు. నేను వాటిని గుమ్మం దగ్గరికి పట్టుకెళ్లి చూస్తానంటే మొహం చిట్లించారు కానీ మనిషిని తోడిచ్చి పంపారు. బయట వెలుగులో రెండు రాళ్లు ఒకేలా ఉన్నాయి, మూడోది నడిమధ్యలో చచ్చిన చేపకన్నులా ఉంది. బరువు చూస్తే ఆ మూడోదే ఎక్కువ, ముప్పై రెండు సెంట్లు. వెడల్పు అడిగితే కాగితంలో 4.2 మిల్లీమీటర్లు. ముప్పై సెంట్ల రాయి 4.3 ఉంది. బరువు ఎక్కువైనది చిన్నగా ఎలా కనిపిస్తుందంటే, బరువంతా పొట్ట కిందికి పోయేలా లోతుగా కోశారన్నమాట. వెలుతురు పైనుంచి దిగి, అద్దంలో కొట్టుకున్నట్టు తిరిగి పైకే రావాలి, కోత కుదరకపోతే కిందనుంచో పక్కనుంచో కారిపోతుంది. కట్ అంటే గుండ్రమా చతురస్రమా అనే ఆకారం అనుకునేదాన్ని ఇన్నాళ్లూ. అది కాదు, కొలతల పనితనం. మామూలుగా గుండ్రటి రాయికి యాభై ఏడో యాభై ఎనిమిదో పలకలు ఉంటాయి, అవి సరిగ్గా కుదిరితేనే జిలుగు. కలర్ కాస్త తగ్గినా, లోపల చిన్న చుక్క ఉన్నా వేలి మీద పెద్దగా తెలియదు, కోత చెడితే మాత్రం ఎదురుగా కూర్చున్నవాళ్లకి కూడా తెలుస్తుంది. డబ్బు ఎక్కడో ఒకచోటే పెట్టగలిగితే అక్కడే పెట్టాలని నా అభిప్రాయం.

కలర్ దగ్గర పెద్ద వాదనైంది. డి అంటే అసలు రంగు లేనిది, అక్కణ్నుంచి జెడ్ దాకా కొద్దికొద్దిగా పసుపు పెరుగుతుంది. ఆయన 'ఇ' (E) రంగు తీసుకోండి, ఎఫ్ అయినా తీసుకోండి అంటారు. మేం చేయించేది పచ్చ బంగారంలో కదా, ఒక పాత ఉంగరం తీసి దాని మీద ఎఫ్, పక్కనే హెచ్ పెట్టమన్నాను. పిల్ల చూసింది, వాళ్లమ్మ చూసింది, ఆఖరికి ఆయన కూడా ఏది ఏదో చెప్పడానికి ఒక్క క్షణం ఆగారు. హెచ్ తీసుకున్నాం. ప్లాటినంలోనో తెల్లబంగారంలోనో అయితే ఇంకోలా ఆలోచించేదాన్నేమో. క్లారిటీ కూడా అంతే, ఆ వీవీఎస్సులు, వీఎస్సులు పది రెట్లు పెంచి చూపే అద్దంలోంచి ఇచ్చే మార్కులు, మన పెళ్లివాళ్లెవరూ భూతద్దం తెచ్చుకోరు.

మరో చిట్కా అనుకోండి. ముప్పై, యాభై, నూరు సెంట్లు అనే అంకెల దగ్గర రేటు మెట్టెక్కినట్టు పెరుగుతుంది, అందరికీ గుండు అంకే కావాలి కనక. నలభై ఎనిమిది సెంట్ల రాయికీ యాభైకీ కంటికి తేడా ఉండదు, జేబుకి ఉంటుంది.

పిల్ల అసలు ల్యాబ్ వజ్రమే అడిగింది. ఆ డబ్బుకి ఒక క్యారెట్ వస్తుందని దాని లెక్క, లెక్క సరైనదే. నకిలీ అనుకొని వాళ్ల నాన్న ఎగిరిపడ్డారు కానీ అది నకిలీ కాదు, అదీ కర్బనమే, యంత్రంలో పెంచారు అంతే, మామూలు కంటికీ కొట్టులో పెట్టే మామూలు చిన్న టెస్టర్‌కీ తేడా దొరకదు, దానికి ప్రత్యేకమైన యంత్రాలు కావాలి. ప్రధాని మోదీ 2023లో అమెరికా వెళ్లినప్పుడు అప్పటి అధ్యక్షుడి భార్యకి ఇచ్చింది ఏడున్నర క్యారెట్ల ల్యాబ్ వజ్రమే. అమెరికన్ డైమండ్ అని మనం సంతలో కొనేది ఇది కాదు, అది జిర్కోనియా, దాని జాతే వేరు. కాకపోతే ల్యాబ్ రాయి ధర ఈ కొన్నేళ్లలో బాగా పడిపోయింది. ఆ డి బీర్స్ వాళ్లే 2018లో ల్యాబ్ వజ్రాల నగల బ్రాండ్ పెట్టి 2025లో మూసేస్తున్నామని చెప్పారు. పెట్టుకోవడానికి కొంటే ముచ్చటైనదే, దాచుకోవడానికి అయితే కాదు. నేను ఇంతా చెప్పి సర్దిచెప్పాను, ఆయన మాత్రం భూమిలోంచి వచ్చిందే కావాలన్నారు. కర్చు ఆయనది, ఇక నేను నోరు మూసుకున్నాను.

దాచుకోవడం అన్నాను కదా, అక్కడ భూమిలోంచి వచ్చిన వజ్రం కూడా బంగారం లాంటిది కాదండీ. మనకి నగ అంటే కష్టంలో అక్కరకొచ్చేది. బ్యాంకులో గోల్డ్ లోన్‌కి పట్టుకెళ్తే రాళ్ల బరువు తీసేసి బంగారానికే అప్పిస్తారు. నేను ఆ ఏడురాళ్ల ఉంగరం వెనక్కిస్తానని వెళ్తే, బంగారం ఆ రోజు రేటుకి, రాళ్ల ధరలో తగ్గింపు, మజూరీ గోవిందా, మూడు శాతం జీఎస్టీ గోవిందా, అన్నీ కూడితే పదకొండు వేలు పోయేది. వెనక్కి తీసుకుంటే రాయికి ఎంతిస్తారో కొనేరోజే బిల్లు మీద రాయించుకోవాలని అప్పుడు తెలిసింది.

కాగితాల సంగతి ఒక్కటి చెప్పి ముగిస్తాను. హాల్‌మార్క్ ఉంది మేడమ్ అంటే వజ్రానికి కూడా గ్యారంటీ అనుకున్నాను. ఆ హాల్‌మార్క్ నగలో ఉన్న బంగారానికే, రాయికి కాదు. నగ మీద అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ నంబరుని ప్రభుత్వం వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే నగ ఎన్ని క్యారట్ల బంగారమో వస్తుంది, రాయి గురించి ఏమీ రాదు (బంగారం క్యారట్టు స్వచ్ఛత, వజ్రం క్యారెట్టు బరువు, ఈ రెండు మాటలూ ఒకేలా ఉండటం కూడా మన ఖర్మే). రాయికి వేరే సర్టిఫికెట్ ఉండాలి, అది కొట్టువాడు తన పేరుతో కొట్టించిన ప్లాస్టిక్ కార్డు కాకూడదు, జీఐఏ, ఐజీఐ లాంటి బయటి ల్యాబుది కావాలి. ఆ నంబరు వాళ్ల వెబ్‌సైట్లో కొడితే అదే బరువు, అవే కొలతలు కనిపించాలి. చాలా రాళ్లకి ఆ నంబరు నడుము అంచున లేజర్‌తో చెక్కి ఉంటుంది, మా పిల్ల రాయికి ఉంది, పది రెట్ల అద్దంలో చీమ తలకాయంత అంకెలు, నేను ఒక్కొక్కటీ పైకి చదువుతుంటే ఆ సీనియర్ ఆయన పక్కన నిలబడి కాగితంలో టిక్కులు పెట్టారు.

ఇప్పుడు మీకు నా ప్రశ్న. వజ్రాలకి పుట్టిల్లు మన నేల. 18వ శతాబ్దంలో బ్రెజిల్‌లో దొరికేదాకా ప్రపంచానికి వజ్రమంటే దాదాపు మన దేశమే, అందులోనూ కృష్ణ ఒడ్డు కొల్లూరు గనులకి పెద్ద పేరు. మా ఒడిశా తక్కువదేం కాదు, మహానది మీద హీరాకుద్ ఉందే, ఆ పేరుకి అర్థం వజ్రాల దీవి. ఏటా తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం వజ్రాలు వెతుకుతున్నారని మీరు ఫొటోతో సహా వేస్తారు. దొరికినవాడి వార్త వేస్తారు, కొన్నవాడి గోడు వెయ్యరు. పెళ్లిళ్ల సీజన్‌లో పేజీ నిండా నగల యాడ్లు, మధ్యలో ఎక్కడో చిన్న చుక్క గుర్తు, దాని కింద కనపడని అక్షరాల్లో షరతులు వర్తిస్తాయి. వజ్రానికి బంగారంలా రోజువారీ రేటు ఉండదని నాకిప్పుడు తెలుసు, ఏ రెండు రాళ్లూ ఒకటి కావు కాబట్టి. రేటు వెయ్యమని అడగడం లేదు. సీజన్‌లో వారానికొకసారి ఆ ధరల పట్టీ పక్కనే నాలుగు లైన్లు వెయ్యండి చాలు: రాళ్లు ఎన్ని, వెడల్పు ఎంత, కాగితం ఎవరిది, వెనక్కిస్తే ఎంత. హైదరాబాద్, విశాఖ వాళ్లకి చెప్పేవాళ్లు దొరుకుతారు. ఇక్కడ కొట్టులో మాట ఒడియా, బిల్లు ఇంగ్లీషు, మాలాంటి వాళ్లకి తీరిగ్గా చదివి అర్థమయ్యేది మీ పేపరొక్కటే.

మా ఉంగరం ఏమైందని అడుగుతారేమో. ఆ అమ్మాయికి నేనే ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను, మారుద్దామా అమ్మా, పదకొండు వేలు పోతాయి, నీ ఇష్టం అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత "ఏడు రాళ్లంటే మా అమ్మమ్మ దుద్దుల్లాగే కదా అత్తయ్యా, ఉండనివ్వండి, కానీ ఆయనకి చెప్పకండి, ఒంటిరాయే అనుకోనివ్వండి" అంది. అమ్మిన కొట్టువాళ్లే పైన రాళ్లు ముట్టుకోకుండా కింద కమ్మీ కోసి అతికి సైజు సరిచేసిచ్చారు. మావాడు బెంగళూరులో మీ పేపరు చదవడు కాబట్టి ఈ ఉత్తరం నిర్భయంగా వేసుకోవచ్చు, నా పేరు మాత్రం వెయ్యకండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
బరంపురం, గంజాం జిల్లా